అక్క పేరు ముందు పదిహేను

9 ఫిబ్రవరి 2003, ఆదివారం

ఈ డైరీ నేను కొన్నది కాదు. అనంతపురంలో చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లకు మూడు రోజులు క్లాసులు పెట్టారు. ఆఖరి రోజు తలా ఒకటి ఇచ్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన సారు మళ్లీ మళ్లీ చెప్పింది ఒకటే మాట: "మనసులో ఉంటే అది కోరిక. అంకె, తేదీ వేసి కాగితం మీద రాస్తేనే లక్ష్యం." రోజూ రాసుకోమన్నాడు. ఎవరికీ చూపించనక్కర్లేదన్నాడు.

విడపనకల్లులో నాది జీన్స్ కుట్టే షెడ్డు. పది మిషన్లు, పదిమంది ఆడవాళ్లు. బళ్లారి సేటు గుడ్డ కత్తిరించి కట్టలు కట్టి ఇస్తాడు, మేము ప్యాంట్లు కుట్టి పంపుతాం. ఇప్పుడు రోజుకు ఎనభై.

లక్ష్యం: ఈ దీపావళి లోపల రోజుకు నూట యాభై. తలకు పదిహేను.

రాసి చూసుకుంటే ధైర్యంగా ఉంది. నాయన భూమిలో మూడు బోర్లు వేసి మూడూ ఎండిపోయిన ఏడు ఎవరైనా నాకిట్లాంటి అంకె చెప్పి ఉంటే నవ్వేవాణ్ని.

12 ఫిబ్రవరి

గుంతకల్లులో నల్లబోర్డు కొనుక్కొచ్చి షెడ్డులో తలుపుకెదురుగా తగిలించాను. పదిమంది పేర్లు, పేరు ముందు ఆ రోజు కుట్టిన ప్యాంట్లు. సాయంత్రం అందరూ చూస్తుండగా నేనే రాస్తాను. కొలవనిది పెరగదని సారు చెప్పాడు.

అందరిలో చిన్నది రేఖ. పంతొమ్మిదేళ్లు ఉంటాయి. దానికి ఒకటే సంబరం. "నా పేరు పైన రాయన్నా, నేనే ఫస్టు వస్తా" అంది.

ఆఖరున మా అక్క పేరు. ఓబులమ్మ. రాస్తుంటే వెనక నుంచి అడిగింది.

"నా పేరూ రాయల్లనా తిమ్మా?"

"అందరికీ ఒకటే లెక్క అక్కా. ఇంటోళ్లకు ఒకటి, బయటోళ్లకు ఒకటి అంటే ఎవురు ఇంటారు నా మాట?"

"సరేప్పా" అంది.

న్యాయంగానే చెప్పాను.

20 ఫిబ్రవరి

మొత్తం ఎనభై తొమ్మిది. రేఖ పదకొండు. అక్క ఆరు.

1 మార్చి

అక్క ఆరు, అక్క అయిదు, అక్క ఆరు. వారం నుంచి ఇదే.

రోజంతా షెడ్డులోనే ఉంటుంది. పొద్దున అందరికంటే ముందు వచ్చి ఊడ్చేది ఆమే. మధ్యాహ్నం మిషను పక్కనే రెండు ముద్దలు తిని మళ్లీ కూర్చుంటుంది. అయినా ఆరే. ఏం చేస్తోందో ఈ రోజు కనిపెట్టి చూశాను. సగం పొద్దు ఇతరులు కుట్టిన ప్యాంట్లు ఒళ్లో వేసుకుని తిప్పి తిప్పి చూడడానికే పోతోంది. జేబు మూల వదులుగా ఉంటే బ్లేడుతో కుట్టు విప్పి మళ్లీ వేస్తుంది. నడుం పట్టీ వంకరపోతే మొత్తం విప్పుతుంది. ఎవరు కుట్టారో వాళ్లను పిలిచి చూపించదు, తిట్టదు. తనే సరిచేసి కట్టలో పెట్టేస్తుంది.

నలభై ఆరేళ్లు వచ్చాయి. చూపు మందగించిందేమో. ఈ పని నాకు నేర్పింది ఆమే, కాదనను. బావ పోయాక పుట్టింటికి వచ్చింది. రాయదుర్గంలో ఆరు నెలలుండి జీన్స్ కుట్టడం నేర్చుకుంది. తిరిగొచ్చి తన పాత కాలితొక్కుడు మిషను ముందు నన్ను కూర్చోబెట్టింది. అప్పుడు నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. కానీ నేర్పినంత మాత్రాన

వదిలేస్తున్నాను. ఇది లక్ష్యాల డైరీ.

17 మార్చి

పొద్దున మూడు గంటలు కరెంటు లేదు. అయినా తొంభై ఎనిమిది. రేఖ పదమూడు. అక్క అయిదు.

రేఖ బోర్డు చూసి "పెద్దమ్మకు నావి రెండు ఇచ్చేదన్నా?" అంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. షెడ్డులో నవ్వు ఉండాలి, మంచిదే.

2 ఏప్రిల్, ఉగాది

సెలవు ఇవ్వలేదు. సగం పూటైనా రమ్మన్నాను. అక్క తెల్లవారకముందే లేచి అందరికీ బెల్లం పూర్ణంతో ఓళిగలు చేసి తెచ్చింది. మొత్తం అరవై ఒకటి. అక్క రెండు.

రెండు అని బోర్డు మీద రాశాను. ఇంటికొచ్చాక నా భార్య వనజాక్షి అడిగింది.

"ఓళిగలు ఎన్ని చేసిందో అది రాయలేదా?"

ఎగతాళి ఆమెకు పుట్టుకతో వచ్చింది. నేను చొక్కా విప్పి తగిలిస్తుంటే మెల్లగా అంది.

"ఆయమ్మ పేరు తుడిచెయ్యి. పిల్లోళ్ల ముందర బాగుండదు."

"ఆమే ఏమీ అనలేదు, నీకేమి నొప్పి?"

అక్క నిజంగానే ఏమీ అనలేదు. బాధపడితే అనేది కదా. చిన్నప్పుడు నన్ను ఎన్ని తిట్టేది!

24 ఏప్రిల్

పది రోజులుగా నూట పది దగ్గరే ఆగిపోయాం. ఎండ. రేకుల కింద ఫ్యాన్లు కూడా వేడిగాలే విసురుతున్నాయి. సాయంత్రం బోర్డు దగ్గరికి పోతుంటే అక్క ఒళ్లో రేఖ కుట్టిన ప్యాంటు కనిపించింది. నడుం పట్టీ మొత్తం విప్పేసి ఉంది.

"మళ్లీ విప్పుతాండావా?"

"వంకర పోయింది తిమ్మా. రెండు ఉతుకులకు ఊడి చేతికొస్తాది."

"ఎవురి పని వాళ్లు చేసుకోనీ. నువ్వు ఊరికే విప్పుతా కూర్చుంటే ఈ బోర్డు యాడికి పోతాది? తొమ్మిది మంది ఎక్కుతాంటే నువ్వొక్కదానివే కిందికి లాగుతాండావు."

గట్టిగానే అన్నాను. మిషన్లు ఆగిపోయాయి. అక్క బ్లేడు తీసి పెట్టెలో పెట్టింది. ఆ ప్యాంటు రేఖ బల్ల మీద పెట్టి వచ్చి తన చోట కూర్చుంది.

25 ఏప్రిల్

అక్క పదిహేను!

26 ఏప్రిల్

అక్క పదిహేను. మొత్తం నూట ఇరవై ఎనిమిది. మనిషికి చెప్పే తీరులో చెప్పాలంతే. కళ్లూ బాగానే ఉన్నాయి, చేతులూ బాగానే ఉన్నాయి.

1 మే

అక్క వరుసగా ఆరు రోజులు పదిహేను తగ్గలేదు. ఈ సాయంత్రం అందరి ముందూ ఆమెకు స్టీలు డబ్బా బహుమానం ఇచ్చాను. చప్పట్లు కొట్టించాను. "మా అక్కను చూసి నేర్చుకోండి" అన్నాను. ఆమె డబ్బా తీసుకుంది. కొంగుతో తుడిచి బల్ల కింద పెట్టింది.

ఇంటికి తీసుకుపోవడం మరిచిపోయినట్టుంది. పోతూ పోతూ చూశాను, అక్కడే ఉంది.

8 మే

పన్నెండో రోజు. మొత్తం నూట నలభై ఒకటి. అక్క పదిహేను.

దీపావళి దాకా ఎందుకు? జూన్‌లోనే అందుకుంటాం.

12 మే

బళ్లారి నుంచి ఇప్పుడే వచ్చాను. రాయాలనిపించడం లేదు. కానీ సారు మంచిరోజూ చెడ్డరోజూ రెండూ రాయమన్నాడు.

సేటు రెండు వందల పది ప్యాంట్లు వెనక్కి ఇచ్చేశాడు. నా ముందే ఒకటి తీసి జేబులో చెయ్యి పెట్టి లాగాడు. మూల చిరిగి వచ్చింది. ఇంకొకటి తీశాడు. నడుం పట్టీ ముందు ఒక ఎత్తు, వెనక ఒక ఎత్తు.

"ఏమప్పా తిమ్మప్పా, ఈసారి మీ అక్క చూడలేదా?"

"ఆమెకేమి సంబంధం సేటు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "రెండేండ్లుగా మీ కట్ట నేను విప్పి చూసిందే లేదు. అందరివీ చూస్తా, మీది చూడను. ఎందుకనుకున్నావు? మొట్టమొదట ఆయమ్మే కదా నా దగ్గరికి వచ్చింది? 'నా చేతి మీద పోకుండా ఒక్కటీ మీ గడప తొక్కదు' అని చెప్పిపోయింది. ఆ మాట మీదనే నీకు పని ఇస్తాండా."

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే, అక్క.

నేను అడగలేదు కూడా.

12 మే, మళ్లీ

షెడ్డులో ఆ కట్టలు దించి అక్కను పిలిచాను. అందరూ ఉన్నారు.

"ఇవి నువ్వు చూడలేదా?"

"చూసినా" అంది. "పక్కనుంచి పోతాంటే కనపడకుండా ఉంటాదా? చూసి నా పని నేను చేసుకున్నా. నా పేరు ముందర పదిహేను ఉండల్ల కదప్పా."

అప్పుడు నేనొక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయను.

15 మే

మూడు రోజులుగా కొత్త పని లేదు. పదిమందీ కూర్చుని ఆ రెండు వందల పదీ విప్పి కుడుతున్నారు. అక్క కూడా. రేఖ ఏడ్చుకుంటూ విప్పుతుంటే దాని చెయ్యి పట్టుకుని బ్లేడు ఎట్లా పట్టాలో చూపించింది. నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. కోపం తగ్గాక మాట్లాడదాంలే.

కోపం ఎవరిదో రాయలేదు. నాదే అనుకున్నాను.

16 మే

అక్క వెళ్లిపోయింది.

కట్టలన్నీ బళ్లారి బండికి ఎక్కించి, లెక్క సరిచూసి, ఇంటికి పోయిందనుకున్నాను. వనజాక్షి పరిగెత్తుకుంటూ షెడ్డుకు వచ్చి చెప్పింది. బావ ఊరు కంబదూరులో ఆయన వాటా గది ఒకటి మూతబడి ఉంది, అక్కడికి పోయిందట. తన పాత మిషను తల మాత్రం విప్పి చీరలో కట్టుకుని ఉరవకొండ బస్సు ఎక్కిందట.

"ఆపలేదా?"

"నేను ఆపితే యాడ ఆగుతాది? ఆ మాట అన్నది నేనా?" అంది వనజాక్షి.

వారంలో వచ్చేస్తుంది. ఆమె లేకుండా మేమెట్లా ఉంటాం. కాదు, మేము లేకుండా ఆమె ఎట్లా ఉంటుంది.

23 మే

రాలేదు.

4 జూన్

రేఖకు చెకింగ్ పని అప్పగించాను. రెండు రోజులు చేసి వద్దంది. "ఇంకొకరి తప్పు విప్పితే వాళ్లు నాతో మాట్లాడ్తా లేరన్నా. పెద్దమ్మ విప్పితే ఎవురికీ తెలిసేదే కాదు" అంది.

15 జూన్

మబ్బులు వస్తున్నాయి, బళ్లారి వైపు పోతున్నాయి. విత్తనం వేసినవాళ్లు ఆకాశం చూస్తున్నారు.

ఆ మాట రాస్తాను. ఎవరికీ చూపించనక్కర్లేదు కదా.

"నా కూడు తింటా నా కడుపు మీదే కొడతావా?"

ఇదీ నేను మా అక్కను పదిమందిలో అన్న మాట.

బోర్లు ఎండిపోయిన ఏడు ఎనిమిది నెలలు మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆమె కుట్టిన రవికెల మీద. నేను అరుగు మీద కూర్చుని బీడీలు తాగేవాణ్ని. పొద్దున మిషను చప్పుడుకు మెలకువ వచ్చేది. రాత్రి ఆ చప్పుడులోనే నిద్రపోయేవాణ్ని. ఒక్క రోజు కూడా ఆమె ఆ మాట నన్ను అనలేదు. అనడానికి హక్కున్న మనిషి అనలేదు. నేను అన్నాను.

19 జూలై

రెండు పాత మిషన్లు కొన్నాను, ఇద్దరు కొత్త పిల్లలను పెట్టుకున్నాను. ఈ రోజు నూట యాభై రెండు.

లక్ష్యం అందింది. దీపావళికి ఇంకా మూడు నెలలున్నాయి.

మైసూర్‌పాక్ తెప్పించి పంచాను. రేఖ తన ముక్క కాగితంలో చుట్టుకుని "పెద్దమ్మకు పంపిస్తావా అన్నా?" అని అడిగింది. కంబదూరుకు ఎవరు పోతారు అన్నాను. అది ముక్క మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

ఇంటికొచ్చి వనజాక్షికి చెప్పాను, నూట యాభై రెండు అని. "సంతోషం" అంది. కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు.

6 ఆగస్టు

సేటు ఇప్పుడు ప్రతి కట్టా విప్పి చూస్తున్నాడు. వందకు ముప్పై వెనక్కి వస్తున్నాయి.

30 ఆగస్టు

సేటు పని ఆపేశాడు. తిట్టలేదు. కాఫీ తెప్పించి ఇచ్చి చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రోడ్డు పక్కన పరిచి అమ్మేవాళ్లకు సరుకిచ్చే మనిషి ఒకడున్నాడు. వాడికి కుట్టు ఎట్లా ఉన్నా ఒకటే. నూట యాభై కాదు, రెండు వందలైనా కుట్టమంటాడు. వాడికి కుడుతున్నాం.

14 సెప్టెంబర్

గుంతకల్లు స్టేషన్ బయట ఒక రైల్వే కూలీ తొడుక్కున్న ప్యాంటు మాదే. నడుం దగ్గర కుట్టు ఊడిపోయి తాడు కట్టుకున్నాడు. కుట్టు చూస్తే ఎవరి చెయ్యో నాకు తెలుస్తుంది ఇప్పుడు. ఇంటికి వచ్చేదాకా తల ఎత్తలేకపోయాను.

15 సెప్టెంబర్

బోర్డు తీసేశాను. ఆ రోడ్డు పక్క సరుకు మనిషికి ఇక మేము కుట్టేది లేదని చెప్పి పంపాను. ఇద్దరు కొత్త పిల్లలను మానిపించక తప్పలేదు. వాళ్లలో ఒకమ్మాయి "నేను పదిహేను కుట్టినాను కదన్నా?" అంది. కుట్టింది. తప్పు ఆ పిల్లది కాదు.

22 సెప్టెంబర్

అక్క బల్ల దగ్గర నేనే కూర్చుంటున్నాను. సేటు వెనక్కి ఇచ్చిన కట్టల్లో ప్రతి ప్యాంటూ తిప్పి చూస్తున్నాను. ఒక్క నడుం పట్టీ విప్పి మళ్లీ వేయడానికి నాకు అరగంట పట్టింది. బ్లేడు గుడ్డను కోసేసింది. ఆమె ఇది రోజుకు ఇరవై, ముప్పై చేస్తూ, పైన ఆరు ప్యాంట్లు కుట్టేది. ఆ ఆరు చూసి నేను

ఈసారీ వాక్యం పూర్తి కావడం లేదు.

10 అక్టోబర్

సేటును బతిమాలి యాభై ప్యాంట్ల కట్ట ఒకటి తెచ్చుకున్నాను. మూడు తప్ప అన్నీ తీసుకున్నాడు.

25 అక్టోబర్, దీపావళి

సేటు మళ్లీ పని ఇస్తున్నాడు. రోజుకు డెబ్బై నాలుగు.

9 నవంబర్, ఆదివారం

కంబదూరు పోయి వచ్చాను.

తెల్లవారి బస్సుకు బయల్దేరాను. ఉరవకొండలో మారి, కళ్యాణదుర్గంలో మారి, చేరేసరికి పదకొండున్నర. దారి పొడవునా చెనిక్కాయ చేలు జానెడు కూడా ఎదగలేదు, ఎండిన ఆకుతోనే పీకి కుప్పలు వేసి ఉన్నాయి. నేను అవేవీ సరిగా చూడలేదు. చెప్పాల్సిన మాటలు లోపల అనుకుంటూ పోయాను. ఆర్నెల్లు అనుకున్నవే.

అక్క గుమ్మం దగ్గర కూర్చుని రవికెకు హుక్స్ కుడుతోంది. నన్ను చూసి లేచింది. అద్దాలు పెట్టుకుంది. కొత్తవి.

"రాప్పా. ఎప్పుడు బయల్దేరినావు? వనజ బాగుండాదా?"

కాళ్లకు నీళ్లిచ్చింది. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, పెరుగు పెట్టింది. వనజాక్షి గురించి, రేఖ గురించి, పక్కింటి బర్రె గురించి కూడా అడిగింది. షెడ్డు గురించి అడగలేదు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు అడిగింది, చుట్టానికి పెట్టినట్టు పెట్టింది.

"బోర్డు తీసేసినా అక్కా" అన్నాను.

"తీసేసినావా? యాల?"

"దాంతోనే కదా ఇదంతా."

చేతిలో రవికె మడతపెట్టి పక్కన పెట్టింది. "బోర్డు ఏమి చేసింది తిమ్మా? రాసుకోవల్లనే. మనిషి యాడికి పోతాండాడో తెలియకుంటే ఎట్ల? నన్ను పిలిచి, నీ పని ఎట్ల రాయల్ల అక్కా అని ఒక మాట అడిగింటే నేనే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు. నేనూ పంతం పట్టి చెప్పలేదు." ఒళ్లో పడిన దారం ముక్కలు ఏరింది. "ఆ పన్నెండు దినాలు నాదీ తప్పే. వంకర పోయిన గుడ్డ కండ్ల ముందరే పోతాంటే చూస్తా కూర్చున్నా. ఆ పిల్లోళ్ల కష్టం అది, నీది ఒక్కనిదే కాదు."

"వచ్చెయ్యక్కా. నువ్వు చెప్పినట్టే నడుస్తాది. షెడ్డు నీ పేరు మీద రాస్తా."

"నాకెందుకప్పా షెడ్డు? ఈడ బాగుండాను. దినానికి రెండు రవికెలు కుడతాను, నచ్చకుంటే ఒకటే కుడతాను."

కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ దిగులు పుట్టించింది. కోపం ఉంటే ఎప్పటికైనా తగ్గుతుందన్న ఆశ ఉంటుంది.

అసలు మాట అప్పుడు చెప్పాలి. ఆ రోజు నేనన్నదాని గురించి. నోరు తెరిచాను కూడా. అంతలో పక్కింటి ముసలమ్మ బయమ్మ గుడ్డ ముక్క పట్టుకుని వచ్చింది.

"ఎవురు ఓబులమ్మా, చుట్టాలా?"

"మా తమ్ముడు" అంది అక్క.

ఆ ముసలమ్మ ముఖం విప్పారింది. నా ముందు చతికిలబడి కూర్చుంది. "ఏమప్పా, నువ్వేనా? మీ అక్కకు పొద్దు లేస్తే నీ మాటే. 'మొగుడు పోయినాక నా తమ్ముడే నన్ను బిడ్డ మాదిరి చూసుకున్నాడు, ఒక్క దినం మాట అన్నోడు కాదు' అంటాది. చూపు తగ్గిందని పని చెయ్యొద్దన్నావంట కదా? 'ఊరికే కూర్చోలేక ఈడికి వచ్చినా' అంటాది. ఇట్లాంటి తమ్ముడు ఎంతమందికి ఉంటాడప్పా ఈ కాలంలో?"

నేను అక్క వైపు చూశాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. తల ఎత్తలేదు.

"అంతే కదప్పా?" అంది ముసలమ్మ.

"ఊఁ" అన్నాను.

అక్క నాతోపాటు బస్టాండు దాకా నడిచింది. బయమ్మ కూడా వెంట వచ్చి, దారిలో ఎదురైన ప్రతివాళ్లకూ ఓబులమ్మ తమ్ముడని నన్ను చూపించింది. ఇద్దరు నాకు నమస్కారం కూడా పెట్టారు. బస్సు కదిలేదాకా అక్క కిటికీ పక్కనే నిలబడింది. నా భుజం మీద ఏదో దుమ్ము దులిపి, "చీకటి పడేలోపల ఇల్లు చేరుకో" అంది.

క్షమించమని అడగడానికి పోయాను. ఆమె నా కోసం చెప్పిన అబద్ధానికి ఊఁ కొట్టి వచ్చాను.